అణుబాంబు ఉగ్రవాదుల చేతికిచ్చారన్న వార్తను పరిశీలించడం ఎలా?

ముందు వస్తువేదో చూడండి. సీజియం అనే రేడియోధార్మిక లోహం అయితే రేడియోధార్మికత వ్యాపిస్తుందే తప్ప అణు విస్ఫోటం జరగదు. ఎక్కువ వార్తలు ఇక్కడే తప్పుతాయి.

తర్వాత పరిమాణం. ఒక బాంబుకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) లెక్కగట్టే కొలత ప్లుటోనియం 8 కిలోలు, లేదా అధిక శుద్ధి యురేనియంలో యురేనియం-235 పాళ్లు 25 కిలోలు. పట్టుబడింది గ్రాముల్లోనా? అయితే బాంబు చేతికందినట్టు కాదు.

ఇక ఇచ్చిందెవరు? ఇది నిదానంగా చూడాలి. పేలాక కూడా శిథిలాల్లోని ఐసోటోపుల (ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న అణువుల) నిష్పత్తులు పదార్థం ఎక్కడిదో పట్టించవచ్చు. ప్రతీకార భయంతో ప్రభుత్వాలు బాంబు ఇవ్వడానికి వెనకాడేది అందుకే. అణు కేంద్రాల్లో పనిచేసే లోపలివాళ్లు దొంగచాటుగా అమ్ముకోవడమే ఎక్కువ ఆందోళన కలిగించేది. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ ముఠా లిబియాకు పంపిన సెంట్రిఫ్యూజ్ (యురేనియం శుద్ధి చేసే యంత్రం) భాగాలు 2003 అక్టోబరులో ఓడలో దొరికాయి. అయితే అక్కడ కొన్నది దేశమే, ఉగ్రవాదులు కాదు.

చివరగా, ఇలాంటి ఆయుధాలు ఉగ్రవాదులకు చేరకుండా ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2004 నాటి 1540 తీర్మానం కోరిన ఎగుమతి నియంత్రణలు, పదార్థాల లెక్కలు, కాపలా వార్తలో చెప్పిన దేశంలో నిజంగా అమలవుతున్నాయో లేదో చూడండి.