జూన్‌లో గ్లోస్టర్ ఫియస్టాకి వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేస్కోండి

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి గ్లోస్టర్ అంటే తిమింగలాలు చూడ్డానికి పడవెక్కే ఊరు, అంతే. కానీ ఆ ఊరి అసలు సందడి చూడాలంటే జూన్ 29 దగ్గర్లో వచ్చే వీకెండ్ సెయింట్ పీటర్స్ ఫియస్టాకి వెళ్ళండి. సిసిలీ నుంచి వచ్చి స్థిరపడ్డ జాలర్ల కుటుంబాలు 1927 నుంచి చేస్తున్న జాతర ఇది, ఏసు శిష్యుడు పీటర్ కూడా వల వేసి బతికినవాడే కదా, అందుకే ఆయనంటే వీళ్ళకి అంత గురి.

బుధవారం మొదలై ఐదు రోజులు నడుస్తుంది. ఒక్క రోజే కుదిరితే మాత్రం ఆదివారమే.

కారు తీయకండి, పార్కింగ్ కోసం తిరగడంతోనే సరిపోతుంది. నార్త్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కండి, కాకపోతే రాక్‌పోర్ట్ వెళ్ళేదే ఎక్కాలి, న్యూబరీపోర్ట్ బండి బెవర్లీ దాకా అదే దారిలో వెళ్ళి అక్కడ విడిపోతుంది. గ్లోస్టర్‌లో దిగితే అంతా నడిచే దూరమే.

పొద్దున్నే చేరుకుంటే ఆరుబయట ప్రార్థన, తర్వాత పీటర్ విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ ఊరేగింపు, ఆ తర్వాత పడవలకి దీవెనలు. ఊరేగింపులో ఎవరో ఒకరు "అందరూ మూగోళ్ళా ఏంటి?" అన్నట్టు సిసిలీ భాషలో గట్టిగా అరుస్తారు, మీరు కూడా మొహమాటపడకుండా "వివా సాన్ పియెత్రో!" అనేయండి.

సాయంత్రం గ్రీజీ పోల్. మన ఉట్లమానుని పడుకోబెట్టి సముద్రం మీదకి చాచినట్టుంటుంది, సుమారు 45 అడుగుల దుంగ, దాని నిండా గ్రీజు, వంటకొవ్వు, ఒక్కోసారి చేపల చెత్త కూడా, చివర్లో ఎర్ర జెండా, అది లాగినోడిదే గెలుపు. ఆడాళ్ళ గౌన్లూ పిచ్చి పిచ్చి వేషాలూ వేసుకుని వచ్చి నడుస్తారు, జారి పడితే కింద నీళ్ళే గానీ దుంగకి తగిలితే పక్కటెముకలు కదిలిపోతాయి. మొదటి రౌండ్ ఊరికే మర్యాదకి, అందులో జెండా ఎవరూ లాగరు, అది తెలీక చాలామంది "ఏంటి వీడు జెండా దాకా వెళ్ళి వదిలేశాడు" అనుకుంటారు. శుక్ర, శనివారాలు కూడా పోటీ ఉంటుంది గానీ ఆదివారం గెలిచినోడికుండే పేరే వేరు, ఊరంతా భుజాల మీద తిప్పుతారు.

పోటీ కనపడేది పెవిలియన్ బీచ్ నుంచి. రెండు గంటల ముందే చోటు పట్టండి, టోపీ, నీళ్ళు మర్చిపోవద్దు. దుంగ ఒడ్డుకి కాస్త దూరంలో ఉంటుంది కాబట్టి బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్ళండి. ఈలోపు పక్కనే బులవార్డ్ మీద చుక్కాని పట్టుకున్న జాలరి కంచు విగ్రహం చూసి రావొచ్చు, సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు 5 వేలకి పైనే చెక్కి ఉంటాయి అక్కడ, ఈ పండగ వీళ్ళకి ఎందుకంత ముఖ్యమో అవి చదివితే తెలుస్తుంది.

తిండికి సాసేజ్ స్టాళ్ళు బోలెడు, వెజ్ వాళ్ళు పిజ్జాతో సరిపెట్టుకోవాలి. వీకెండ్ ట్రైన్లు తక్కువ, తిరుగు బండి టైము దిగగానే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.