కోర్సు సంగతి తర్వాత, ముందు మల్టీమీటర్ కొనండి

సంక్రాంతికి తెనాలి వెళ్తే మా పిన్ని కొడుకు పట్టుకున్నాడు. ఈసీఈ అయిపోయి ఏడాదైంది. "అక్కా, ఎంబెడెడ్‌లోకి రావాలంటే ఏ కోర్సులో చేరాలి?" అమీర్‌పేటలో రెండు చోట్ల కనుక్కుని ఫీజులు కూడా కాగితం మీద రాసుకొచ్చాడు. "కోర్సు తర్వాత చూద్దాం, నీ దగ్గర మల్టీమీటర్ ఉందా?" అన్నాను. వాడు నవ్వాడు, నేను నవ్వలేదు. ఎంబెడెడ్ అంటే పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాం రాసే పని. ఆ ప్రోగ్రామే ఫర్మ్‌వేర్, పదమూడేళ్లుగా అదే నా తిండి. ఇంటర్వ్యూలు చేసే కుర్చీలో కూర్చోబట్టి ఐదేళ్లు. ఆ రోజు అరిసెలు తింటూ వాడికి చెప్పినవి, హడావుడిలో మరిచిపోయినవి కలిపి రాస్తున్నాను.

ముందు సామాను. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. బ్లూపిల్ అంటే ఇచ్చే ఎస్టీఎం32 ఎఫ్103 మైక్రోకంట్రోలర్ చిప్ ఉన్న బోర్డు, దానికి ప్రోగ్రాం ఎక్కించే డీబగ్గర్ ఎస్టీ-లింక్, 3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ మాడ్యూల్, డీఎస్3231 గడియారం మాడ్యూల్, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, మల్టీమీటర్, ఎనిమిది చానళ్ల చౌక లాజిక్ ఎనలైజర్. ఈ చివరిది మానేద్దాం అనిపిస్తుంది. మానకండి, వైరు మీద నిజంగా ఏం నడుస్తోందో చూపించేది అదొక్కటే. పల్స్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుంది. బ్లూపిల్‌లో నకిలీ చిప్‌లు బాగా వస్తాయి కాబట్టి డీబగ్గర్ గుర్తుపట్టనని మొండికేస్తే తప్పు మీది కాకపోవచ్చు. ఇంకోటి, చార్జింగుకు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుల్ ఇంట్లో ఉంటే ఇవాళే పక్కన పడేయండి. దానివల్ల నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది.

కొత్తవాళ్ల కోసం తయారైన ఆర్డునో బోర్డుతో మొదలుపెట్టినా తప్పేం లేదు. అక్కడే ఆగిపోతేనే చిక్కు.

మొదటి పని ఎల్ఈడీ వెలిగించడం. లైబ్రరీ లేకుండా, రిజిస్టర్లు (చిప్ భాగాలను నడిపే మెమరీ గడులు) పట్టుకుని వెలిగించాలి. ఈ చిప్‌కు ఎస్టీ కంపెనీ ఇచ్చే రిఫరెన్స్ మాన్యువల్ ఆర్ఎం0008 వెయ్యి పేజీలు దాటుతుంది. భయపడకండి, దాన్ని ఎవరూ మొదటినుంచి చివరిదాకా చదవరు. మెమరీ మ్యాప్, క్లాకుల అధ్యాయం, పిన్నులను నడిపే జీపీఐఓ అధ్యాయం, ప్రస్తుతానికి ఈ మూడు చాలు. బ్లూపిల్ మీద ఎల్ఈడీ పీసీ13 పిన్నుకు ఉంటుంది. అంటే పోర్ట్ సీ అనే పిన్నుల గుంపుకు ముందు క్లాక్ (దాన్ని నడిపే టిక్కులు) ఇవ్వాలి. క్లాక్ ఇవ్వకుండా రిజిస్టర్‌లో ఎంత రాసినా గోడకు చెప్పినట్టే, ఎర్రర్ కూడా రాదు. తిరిగి చదివితే సున్నా వస్తుంది. తర్వాత ఆ పిన్నును అవుట్‌పుట్‌గా పెట్టాలి. పిన్నుల అమరికకు రెండు రిజిస్టర్లు: 13వ పిన్ను సీఆర్ఎల్‌లో ఉండదు, సీఆర్ఎచ్‌లో 20 నుంచి 23 దాకా ఉన్న నాలుగు బిట్లు దానివి. మిగతా బిట్లు చెడగొట్టకుండా ఆ నాలుగే మార్చడం వస్తే బిట్ ఆపరేషన్లు వచ్చినట్టే, దానికి వేరే ట్యుటోరియల్ అక్కర్లేదు. అన్నీ సరిగ్గా చేసి 1 రాస్తే ఎల్ఈడీ ఆరిపోతుంది! ఈ బోర్డు మీద సున్నా రాస్తేనే వెలుగుతుంది. ఎందుకో సర్క్యూట్ బొమ్మ చూసి మీరే కనుక్కోండి.

అది వెలిగాక ఒక సాయంత్రం ఇంకో ప్రశ్నకు కేటాయించండి: మెయిన్ ఫంక్షన్ కంటే ముందు ఏం జరుగుతుంది? కరెంటు రాగానే ప్రాసెసర్ మెమరీ మొదట్లో ఉండే వెక్టర్ టేబుల్ అనే పట్టికలో మొదటి పదాన్ని (పదమంటే 32 బిట్లు) స్టాక్ పాయింటర్‌గా, అంటే ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ చిరునామాగా తీసుకుంటుంది, రెండో పదంలో రీసెట్ హ్యాండ్లర్ చిరునామా ఉంటుంది. ఆ హ్యాండ్లర్ విలువలున్న గ్లోబల్ వేరియబుల్స్‌ను ఫ్లాష్ నుంచి ర్యామ్‌లోకి మోసి, మిగతావాటిని సున్నా చేసి, అప్పుడు మెయిన్‌ను పిలుస్తుంది. కంపైలర్ ఇచ్చే మ్యాప్ ఫైలు తెరిచి మీ వేరియబుల్ ఏ చిరునామాలో కూర్చుందో వెతకండి. ఫ్లాష్ హెక్సులో (పదహారు అంకెల లెక్కలో) 08000000 దగ్గర, ర్యామ్ 20000000 దగ్గర మొదలవుతాయి. ఈ చిప్‌కు ఉన్నది 64 కిలోబైట్ల ఫ్లాష్, 20 కిలోబైట్ల ర్యామ్. ఆ 20లోనే స్టాక్ కూడా సర్దుకోవాలి. ఎంత ఖర్చయిందో తెలియాలంటే మొదట్లోనే ఖాళీ స్థలమంతా ఏ5 అనే విలువతో నింపి, ఒక రోజు నడిపాక ఎన్ని ఏ5లు మిగిలాయో లెక్కపెట్టండి. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

తర్వాత సీరియల్‌లో అక్షరాలు పంపడం, టైమర్, ఇంటరప్ట్ (నడుస్తున్న పని మధ్యలో ఆపించి ముందు తన పని చేయించుకునే పిలుపు). ఇక్కడే సీ భాషలోని వోలటైల్ అనే మాట అర్థమవుతుంది. ఇంటరప్ట్‌లో ఒక ఫ్లాగు మార్చి, మెయిన్ లూప్‌లో దానికోసం ఎదురుచూసే ప్రోగ్రాం రాయండి. ఆప్టిమైజేషన్ లేకుండా నడుస్తుంది. కంపైలర్‌కు ఓ2 అనే ఆప్టిమైజేషన్ పెట్టగానే లూప్‌లోనే ఇరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ ఫ్లాగును బయటినుంచి ఎవరో మారుస్తారని కంపైలర్‌కు తెలియదు. వోలటైల్ అని చేర్చగానే మళ్లీ నడుస్తుంది. నిర్వచనం బట్టీపట్టి వచ్చినవాళ్లు నాకు వారానికి ఇద్దరు తగులుతారు. ఈ ఇరుక్కోవడం కళ్లారా చూసినవాళ్లు తక్కువ.

ఆ తర్వాత గడియారం చిప్. రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే ఐ-స్క్వేర్-సీ పద్ధతిలో దాని చిరునామా హెక్సులో 68. ఎస్టీ వాళ్లు ఇచ్చే హాల్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీకి ఇచ్చేటప్పుడు ఒక బిట్ ఎడమకు జరిపి డీ0గా ఇవ్వాలి. ఇది తెలియక మొదటి రోజు అందరూ ఏడుస్తారు. కోడ్ ముట్టుకునే ముందు మల్టీమీటర్ పెట్టండి: ఎవరూ మాట్లాడనప్పుడు రెండు తీగల మీదా 3.3 వోల్టులు ఉండాలి. లేకపోతే చాలావరకు తీగను పైకి లాగి పట్టే పుల్-అప్ రెసిస్టర్లు లేవన్నమాట, ఇక మీరు కోడ్‌లో ఏం మార్చినా లాభం లేదు. తర్వాత లాజిక్ ఎనలైజర్ తగిలించి తొమ్మిదో క్లాక్ దగ్గర చూడండి. అప్పుడు చిప్ డేటా తీగను కిందికి లాగితే విన్నట్టు. లాగకపోతే చిరునామా తప్పో, వైరు ఊడిందో, కరెంటు అందలేదో.

ఇంతగా కొలవండి, చూడండి అని ఎందుకు చెబుతున్నానంటే, నేను కొలవకుండా చాలా పోగొట్టుకున్నాను.

నా మొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో, పేరు వద్దు. పొలాల్లో మోటార్లకు పెట్టే ఫోన్ స్టార్టర్లు చేసేవాళ్లం. రైతు ఇంటి దగ్గర్నుంచి మిస్డ్ కాల్ ఇస్తే మోటార్ ఆన్ అయి, రెండు గంటలు నడిచి దానంతటదే ఆగుతుంది. ఉన్నట్టుండి ఫిర్యాదులు మొదలయ్యాయి. "ఆన్ చేస్తే టక్కున ఆగిపోతోందమ్మా. ఓ గంట ఆగి చేస్తే మళ్లీ మామూలే." మా మేనేజర్ సిగ్నల్ లేదన్నాడు. హార్డ్‌వేర్ అతను రిలే అన్నాడు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నాలుగు పెట్టెల్లో రిలేలు మార్చాం. ఫిర్యాదులు ఆగలేదు. ఆఫీసులో బల్ల మీద మాత్రం ఒక్కసారీ రాలేదు.

చివరికి నోటుబుక్కు తీసి, ఫిర్యాదు చేసిన ప్రతి పెట్టెకూ బిగించిన తేదీ, ఫిర్యాదు వచ్చిన తేదీ పక్కపక్కన రాశాను. 49 రోజులు. 49. 49. ఒకటి మాత్రం 99. అన్నీ బ్యాటరీ బ్యాకప్ ఉన్న మోడలే.

మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 49 రోజుల 17 గంటలకు నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నేను రాసిన కోడ్ ఇలా ఉంది: ఇప్పటి టైముకు రెండు గంటలు కలిపి గడువు అనే వేరియబుల్‌లో పెట్టు, ఇప్పటి టైము గడువు దాటితే మోటార్ ఆపు. కౌంటర్ నిండడానికి రెండు గంటల లోపు ఉండగా ఎవరైనా ఆన్ చేస్తే, ఆ కూడిక పొర్లిపోయి గడువు చిన్న అంకె అవుతుంది. ఇప్పటి టైము దానికంటే ఎప్పుడో పెద్దది, కాబట్టి మోటార్ వెంటనే ఆగుతుంది. కౌంటర్ తిరిగాక అంతా మామూలే. బ్యాటరీ లేని పెట్టెలకు కరెంటు పోయినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికొచ్చేది. మేమైతే రోజూ సాయంత్రం ఆఫీసు మెయిన్ స్విచ్ ఆపి ఇంటికెళ్లేవాళ్లం. కరెంటు కోతలే మా తప్పును అన్నాళ్లు కప్పిపెట్టాయి.

మందు ఒక్క వాక్యం. గడువు దాచుకోకూడదు, మొదలైన టైము దాచుకోవాలి. ఇప్పటి టైములోంచి మొదలైన టైము తీసేసి, వచ్చినది రెండు గంటలకు తక్కువ కాకుంటే ఆపాలి. అన్‌సైన్డ్ (మైనస్ గుర్తు లేని అంకెల) తీసివేతలో పొర్లినా జవాబు సరిగ్గానే వస్తుంది: మొదలైంది 4294967290 దగ్గర, ఇప్పుడు 5 అయితే తేడా 11. నమ్మకపోతే చేసి చూడండి. పరీక్షించడానికి 49 రోజులు కాచుకోనక్కర్లేదు, కౌంటర్‌ను సున్నాకు బదులు నిండడానికి ఒక నిమిషం ముందునుంచి మొదలుపెట్టండి. లినక్స్ కెర్నల్ కూడా టిక్కులు లెక్కపెట్టే తన జిఫ్ఫీస్ కౌంటర్‌ను బూట్ అయిన ఐదు నిమిషాలకు తిరిగేలా పెట్టింది, ఇందుకే. మాలాంటి చిన్నవాళ్లకే ఇలా జరుగుతుందనుకోకండి. 248 రోజులు ఆపకుండా నడిస్తే బోయింగ్ 787 జనరేటర్ల కంట్రోల్ యూనిట్లు ఆగిపోవచ్చని, మధ్యమధ్యలో ఆఫ్ చేసి ఆన్ చేయాలని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశమిచ్చింది. సెకనులో నూరో వంతును ఒకటిగా లెక్కిస్తే 31 బిట్లు ఎన్ని రోజులకు నిండుతాయో ఒకసారి గుణించండి.

వాచ్‌డాగ్ గురించి ఒక్క మాట. సమయానికి రిఫ్రెష్ చేయకపోతే చిప్‌ను రీసెట్ చేసే కాపలా టైమర్ అది. దాన్ని టైమర్ ఇంటరప్ట్‌లోంచి రిఫ్రెష్ చేయకండి. మెయిన్ లూప్ చచ్చిపోయినా టైమర్ కొట్టుకుంటూనే ఉంటుంది, కుక్క మొరగదు. హార్డ్ ఫాల్ట్ (ప్రాసెసర్ ఇక ముందుకు పోలేని తప్పు) వస్తే రీసెట్ చేసి ఊరుకోకుండా, ప్రాసెసర్ స్టాక్ మీద వదిలిన ఎనిమిది పదాల్లోంచి పీసీ (ప్రోగ్రాం కౌంటర్, అంటే అప్పుడు నడుస్తున్న ఆదేశం చిరునామా) విలువ తీసి, ఏ ఫంక్షన్‌లో పడిందో మ్యాప్ ఫైలులో చూడండి. ఈ రెండూ వచ్చాకే చిన్న చిప్‌లలో చాలా పనులను పంచి నడిపే ఫ్రీఆర్‌టీఓఎస్‌కు వెళ్లండి. ముందే వెళ్తే ఆ పనులు ఒకదానికొకటి అడ్డుపడకుండా వాడే మ్యూటెక్స్‌కూ సెమాఫోర్‌కూ తేడా నోటికి వస్తుంది కానీ చేతికి రాదు.

ఇక ఉద్యోగం. క్రమశిక్షణ కోసం ఎవరో వెనక ఉండాల్సిందే అనుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల ఎంబెడెడ్ పీజీ డిప్లొమా మంచి దారి, సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఎన్ఎక్స్‌పీ, సిలికాన్ ల్యాబ్స్, మైక్రోచిప్ లాంటి చిప్ కంపెనీలున్నాయి. మొదటి అడుగే అక్కడ పడితే అదృష్టం. పడకపోతే చిన్న కంపెనీని చిన్నచూపు చూడకండి. జీతం తక్కువే. వెబ్ పనిలోకి వెళ్లిన మీ స్నేహితులు మీకంటే ముందు కారు కొంటారు. కానీ టంకం వేయడం దగ్గర్నుంచి రైతు తిట్లు తినడం దాకా ఏడాదిలో చూస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే మాత్రం లేచి వచ్చేయండి. నేను పెట్టాను, తిరిగి తెచ్చుకోవడానికి మూడు నెలలు తిరిగాను. కార్ల వైపు వెళ్లాలనుకుంటే కారులోని యూనిట్లు మాట్లాడుకునే క్యాన్ బస్, సీ కోడ్‌ను భద్రంగా రాయడానికి పెట్టిన మిస్రా సీ నియమాలు ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

రెజ్యూమేలో "హోమ్ ఆటోమేషన్" చూస్తే నాకు ఆవలింత వస్తుంది, అందరూ అదే రాస్తారు. ఇంటర్వ్యూలో నేను మొదట అడిగేది ఒకటే: మీరు చేసినది మొదటిసారి ఎందుకు పనిచేయలేదు, ఎలా కనిపెట్టారు? పోయినేడాది వచ్చిన ఒకమ్మాయి ఫోన్‌లో లాజిక్ ఎనలైజర్ బొమ్మ తెరిచి, తొమ్మిదో క్లాక్ మీద వేలుపెట్టి, "ఇక్కడ సర్" అని, నాలుక కరుచుకుని "మేడం" అంది. మిగతా ప్రశ్నలు అడిగాను గానీ, అప్పటికే తీసేసుకున్నాను.

మా పిన్ని కొడుకు ఫిబ్రవరిలో వాట్సాప్ చేశాడు. "అక్కా, గడియారం చిప్ పాడైంది. సెకన్లు తొమ్మిది తర్వాత పదహారు వస్తోంది." డేటాషీట్‌లో మొదటి రిజిస్టర్ చూడు, పదహారుని హెక్సులో రాసి చూడు అని పెట్టాను. పావుగంట తర్వాత ఫోన్ మోగింది.

"పాడవలేదక్కా. పదుల అంకెనూ ఒకట్ల అంకెనూ విడివిడిగా దాస్తోంది. ఇరవై అయిదు తర్వాత ముప్ఫై రెండు ఎందుకొస్తోందో కూడా తెలిసింది."