డిగ్రీ స్థాయి వైద్య విద్యార్థులకు జనరల్ సర్జరీ బోధించే విధానం

వైద్య డిగ్రీ చదివే విద్యార్థుల్లో ఎక్కువమంది సర్జన్లు కారు. ఒకరు పిల్లల వైద్యంలోకి, మరొకరు మానసిక వైద్యంలోకి, ఇంకొకరు రేడియాలజీలోకి వెళ్తారు. అయినా వీరిలో ప్రతి ఒక్కరి ముందుకూ ఏదో ఒకనాడు కడుపునొప్పితో మెలికలు తిరిగే మనిషి గాని, కాలు చల్లబడి పాలిపోయిన మనిషి గాని రాక తప్పదు. అప్పుడు వారు తేల్చవలసినది ఒక్కటే: ఈ రోగికి సర్జన్ అవసరమా, అవసరమైతే ఈ క్షణమేనా, ఈ రోజులోగానా, కొన్ని వారాలు ఆగినా ఫరవాలేదా? కొత్తగా బోధన చేపట్టిన సర్జన్ తన పాఠాలన్నిటినీ ఈ ప్రశ్న చుట్టూ అల్లుకోవాలి. తనకు చేయి తిరిగిన ఆపరేషన్ గురించి గంటసేపు చెప్పాలని ప్రతి సర్జన్‌కూ ఉంటుంది. ఆ కోరికను అణచుకోవడంతోనే మంచి బోధన మొదలవుతుంది. పిత్తాశయాన్ని తొలగించేటప్పుడు క్లిప్పులు ఏ వరుసలో వేయాలో తెలియని కుటుంబ వైద్యుడి వల్ల రోగికి వచ్చే నష్టమేమీ లేదు. చలిజ్వరం, కామెర్లు, కుడి పక్కటెముకల కింద నొప్పి మూడూ కలిసి వచ్చిన రోగికి పిత్తనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చునని తట్టక, మాత్రలిచ్చి ఇంటికి పంపిన డాక్టరు వల్ల ప్రాణమే పోవచ్చు.

పాఠాలను లక్షణాల ప్రకారం అమర్చుకోవాలి

పాఠ్యపుస్తకాలు అవయవాల వారీగా సాగుతాయి. ఆ వరుస వెతుక్కోవడానికి బాగుంటుంది గాని, రోగి తన జబ్బు పేరు చెప్పుకుంటూ రాడు. అందువల్ల కోర్సు ప్రణాళికను కడుపునొప్పి, గడ్డ, మానని పుండు, మింగలేకపోవడం, మలంలో రక్తం, రొమ్ములో గడ్డ, ప్రమాద గాయం, కాలిన గాయం, ఆపరేషన్ తర్వాత జ్వరం వంటి ఫిర్యాదులతో రూపొందించడం మేలు. గజ్జల్లో గడ్డ అనే ఒక్క పాఠంలో ఇంగ్వైనల్ హెర్నియా (గజ్జ కాలువ గుండా పేగు వంటిది బయటికి పొడుచుకురావడం), ఫీమోరల్ హెర్నియా (తొడ పైభాగంలోని ద్వారం గుండా అలాగే రావడం), లింఫ్ గ్రంథుల వాపు, సఫీనా వేరిక్స్ (తొడ పైభాగంలో ఉబ్బిన సిర), కిందికి దిగని వృషణం అన్నీ పక్కపక్కన నిలబడతాయి. వాటిని వేరు చేయడానికి పనికివచ్చేంత అనాటమీ విద్యార్థికి తనంతట తానే అవసరమవుతుంది. ఇంగ్వైనల్ హెర్నియా మెడ (అది బయటికి వచ్చే ఇరుకైన చోటు) కటి ఎముక ముందువైపు బుడిపె అయిన ప్యూబిక్ ట్యూబర్కిల్‌కు పైన, లోపలి వైపున ఉంటుందనీ, ఫీమోరల్ హెర్నియా మెడ దానికి కింద, బయటి వైపున ఉంటుందనీ మొదటి సంవత్సరంలో కంఠస్థం చేసిన వాక్యానికి ఇక్కడ ప్రాణం వస్తుంది. ఫీమోరల్ ద్వారం ఇరుకైనదీ, చుట్టూ సాగని కణజాలం ఉన్నదీ కనుకనే అందులో చిక్కిన పేగుకు రక్తప్రసరణ త్వరగా ఆగిపోతుందని వివరిస్తే, దానికి ఆపరేషన్ ఎందుకు వాయిదా వేయకూడదో విడిగా చెప్పనక్కరలేదు.

ప్రతి పాఠంలోనూ కాలాన్ని గురించి తప్పక మాట్లాడాలి. వృషణం మెలిపడితే దాదాపు 6 గంటలలోపు విప్పగలిగితే దానిని కాపాడుకునే అవకాశం ఎక్కువ, ఆపైన గంటగంటకూ తగ్గిపోతుంది. వృషణం మెలిపడిన అబ్బాయి సిగ్గుపడి పొత్తికడుపు నొప్పి అని మాత్రమే చెప్పవచ్చు కాబట్టి, కడుపునొప్పితో వచ్చిన ప్రతి అబ్బాయికీ వృషణాలను చూడాలన్న అలవాటు నాటాలి. అలాగే, సంతానవతి కాగల వయసులోని స్త్రీ కడుపునొప్పితో వస్తే గర్భ పరీక్ష చేయకుండా అపెండిసైటిస్ అని నిర్ధారించకూడదు. అరుదైన సిండ్రోములను వదిలేయవచ్చు. ఇలాంటి వాటిలో ఒక్కటి కూడా వదలకూడదు.

రోగి పడక పక్కన

సర్జరీ నేర్పే అసలు చోటు వార్డు. తరగతి గదిలో చెప్పినదాన్ని ఇంట్లో చదువుకోవచ్చు, కానీ బిగుసుకున్న పొట్ట చేతికి ఎలా తగులుతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు. బృందంలో ఐదారుగురికి మించకుండా చూసుకోవాలి. అంతకంటే ఎక్కువైతే వెనుక వరుసలోని వారు ఫోన్లు తీస్తారు. అధ్యాపకుడు ముందుగా వార్డుకు వెళ్లి రోగులను ఎంచుకొని, విషయం వివరించి, వారి అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతిని విద్యార్థుల ముందు మరోసారి అడగడం కూడా పాఠంలో భాగమే. రొమ్ము, మలద్వారం, జననాంగాల పరీక్షలకు ప్రత్యేకంగా అనుమతి ఉండాలి, పక్కన తోడుగా మరొకరు ఉండాలి. మత్తులో ఉన్న రోగిపై ఇటువంటి పరీక్షలను నేర్చుకోవడానికి రోగి మెలకువగా ఉన్నప్పుడు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప చేయించరాదు.

నొప్పితో ఉన్న పొట్టను ఆరుగురు వరుసగా నొక్కడం క్రూరత్వం. ఒక విద్యార్థి చేయి వేస్తే మిగిలినవారు రోగి ముఖాన్ని గమనించాలి. సమాచారం సగం అక్కడే దొరుకుతుంది. పొట్టను లోతుగా నొక్కి ఒక్కసారిగా వదిలి చూసే పాత పద్ధతిని నేర్పనక్కరలేదు, రోగిని దగ్గమని అడిగినా, వేళ్లతో మెల్లగా తట్టినా అదే విషయం తెలుస్తుంది. నొప్పి తగ్గించే మందు ఇస్తే వ్యాధి నిర్ధారణ చెడిపోతుందన్న నమ్మకం ఇంకా కొన్ని వార్డుల్లో వినిపిస్తుంది. ఆ భయం నిజం కాదని పరిశోధనల్లో తేలింది కనుక, దానిని మరో తరానికి అంటగట్టకూడదు.

విద్యార్థుల చేతులు కళ్ల కంటే ముందు పరిగెడతాయి. దీనికి విరుగుడుగా, మొదటి రెండు నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకొని చూసింది మాత్రమే చెప్పమనాలి. ఆ తర్వాత గడ్డను పరీక్షించేటప్పుడు స్థానం, పరిమాణం, ఉపరితలం, అంచు, గట్టిదనం అంటూ జాబితా అప్పజెప్పడం మొదలవుతుంది. జాబితా అవసరమే, అయితే ఒక్కొక్క అంశం ఏ ప్రశ్నకు జవాబిస్తుందో అడగకపోతే అది మంత్రపఠనంగా మిగిలిపోతుంది. నా దృష్టిలో అన్నిటికంటే పనికివచ్చే ప్రశ్న, ఈ గడ్డ ఏ పొరలో ఉంది అన్నది. చర్మాన్ని గడ్డపై నుంచి పైకి పట్టుకోగలిగితే అది చర్మానిది కాదు. సెబేషియస్ సిస్టు అనే తిత్తి చర్మానికి అంటుకొని ఉంటుంది, తరచుగా దానిపై చిన్న చుక్క కనిపిస్తుంది. కొవ్వు గడ్డ అయిన లైపోమా అంచు వేలి కింద నుంచి జారిపోతుంది. కండరాన్ని బిగించమంటే, పైన ఉన్న గడ్డ మరింత స్పష్టమవుతుంది, కింద ఉన్నది మరుగుపడుతుంది. మెడ ముందున్న గడ్డ మింగేటప్పుడు పైకి కదిలితే థైరాయిడ్‌ను అనుమానించాలి, నాలుక బయటపెట్టినప్పుడు కూడా కదిలితే థైరోగ్లాసల్ సిస్టును (పుట్టుకకు ముందు థైరాయిడ్ కిందికి దిగిన దారిలో మిగిలిన తిత్తిని). ఇలా రెండు మూడు గడ్డలను కారణాలతో సహా చూసినవాడు, నాలుగోదాన్ని ఎన్నడూ చూడకపోయినా దాని గురించి ఆలోచించగలుగుతాడు.

విద్యార్థి కేసు చెప్పడం ముగించగానే అధ్యాపకుడు తన ఉపన్యాసం మొదలుపెట్టడం సర్వసాధారణం. దానికి బదులుగా, కుటుంబ వైద్యుడు నెహర్, ఆయన సహచరులు 1992లో ప్రతిపాదించిన ఐదు మెట్ల పద్ధతి తీరిక లేని ఓపీలో కూడా చక్కగా పనిచేస్తుంది. ముందు విద్యార్థిని ఒక నిర్ణయానికి రమ్మనాలి, దానికి ఆధారం ఏమిటో అడగాలి, ఈ రోగి నుంచి ఎక్కడైనా వర్తించే ఒక్క సూత్రాన్ని చెప్పాలి, సరిగా చేసినదేమిటో పేర్కొనాలి, ఆపైన పొరపాటును దిద్దాలి. వినడానికి సులువుగా ఉంటుంది గాని మొదటి మెట్టు దగ్గరే అధ్యాపకులు ఓడిపోతారు. ప్రశ్న అడిగాక వచ్చే మౌనాన్ని భరించలేక జవాబు తామే చెప్పేస్తారు. పది సెకన్లయినా ఆగి చూడాలి.

థియేటర్‌లో

ఏమీ చెప్పకుండా థియేటర్‌కు రమ్మంటే విద్యార్థి గోడకు ఆనుకొని సర్జన్ల వీపులు చూసి ఇంటికి వెళ్తాడు. అందుకని ముందురోజే ఒక రోగిని అప్పగించి, ఆ మనిషిని వార్డులో పరీక్షించి రమ్మని చెప్పాలి. ఉదయం చేతులు కడుక్కునే తొట్టె దగ్గర రెండు నిమిషాలు చాలు: ఈ రోజు ఏమి చూడాలనుకుంటున్నావని అడిగి, ఒక లక్ష్యాన్ని కలిసి నిర్ణయించుకోవాలి. ఆపరేషన్ సాగుతున్నంతసేపూ ఆ లక్ష్యానికి సంబంధించినదే మాట్లాడి, కుట్లు వేసే సమయంలో ఏమి అర్థమైందో అడగాలి. ధమనుల పేర్లు వరుసగా అడిగి, తెలియకపోతే అందరి ముందూ నవ్వే అలవాటు సర్జరీ విభాగాలకు పాత జబ్బు. అలా అవమానపడిన విద్యార్థి ఆ తర్వాత సందేహం వచ్చినా నోరు విప్పడు, నోరు విప్పని మనిషి థియేటర్‌లో ప్రమాదకరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సర్జరీ భద్రతా చెక్‌లిస్టును విద్యార్థి చేత పైకి చదివించడం మంచి పద్ధతి. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగి థియేటర్ దాటకముందు మూడుసార్లు బృందమంతా ఎందుకు ఆగుతుందో చదివిన నోటికి గుర్తుంటుంది. స్క్రబ్ చేయడం, గౌను తొడుక్కోవడం, ఏది తాకవచ్చు ఏది తాకకూడదు అన్నవి మొదటిరోజే నేర్పాలి. పొట్టిగా ఉన్నవారికి నిలబడే పీట వేయించాలి. చిన్న విషయమే, కానీ ఎవరూ పట్టించుకోరు.

చేతి పనులు

కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి సిరలో ఉంచే చిన్న గొట్టం) పెట్టడం, మూత్రనాళంలో కాథెటర్ వేయడం, ముక్కు గొట్టం వేయడం, కుట్లు వేయడం, డ్రెస్సింగ్ చేయడం ఈ స్థాయికి సరిపోతాయి. వీటిని ముందు నమూనాలపైనే నేర్పాలి. పేటన్ అనే సర్జన్ పేరుతో ప్రసిద్ధమైన నాలుగు దశలు ఇక్కడ బాగా ఉపకరిస్తాయి: అధ్యాపకుడు మామూలు వేగంతో మౌనంగా చేసి చూపిస్తాడు, తర్వాత మెల్లగా వివరిస్తూ చేస్తాడు, మూడోసారి విద్యార్థి చెబుతుంటే అధ్యాపకుడు చేస్తాడు, నాలుగోసారి విద్యార్థే చెబుతూ చేస్తాడు. చాలామంది దాటవేసేది మూడో దశను, అయితే విద్యార్థి తలలోని తికమక బయటపడేది అక్కడే.

కుట్టు నేర్పేటప్పుడు సూది చర్మంలోకి నిటారుగా దిగాలనీ, దాని వంపును అనుసరించి మణికట్టు తిరగాలనీ, అంచులు కలిస్తే చాలు, బిగిస్తే చర్మానికి రక్తం అందదనీ చెప్పాలి. అంతకంటే ముఖ్యంగా, ఎప్పుడు కుట్టకూడదో చెప్పాలి. మురికిపడిన గాయాన్ని గాని, ఆలస్యంగా వచ్చిన కాటు గాయాన్ని గాని శుభ్రం చేసి తెరిచి ఉంచి, చీము పట్టలేదని నిర్ధారించుకున్నాక కొన్ని రోజులకు మూయడం మేలు. మొద్దుబారేలా చేసే లిగ్నోకెయిన్ మోతాదుకు రోగి బరువును బట్టి పరిమితి ఉంటుందనీ, అడ్రినలిన్ లేకుండా కిలోకు 3 మిల్లీగ్రాములు, అడ్రినలిన్‌తో 7 మిల్లీగ్రాములు మించకూడదనీ లెక్క కట్టించాలి. కాథెటర్ విషయంలో, మూత్రం రాకముందే బెలూన్‌ను ఉబ్బించకూడదనీ, కటి ఎముక విరిగిన రోగికి మూత్ర ద్వారం వద్ద రక్తం కనిపిస్తే కాథెటర్ జోలికి పోకుండా పెద్దలను పిలవాలనీ పదేపదే చెప్పాలి.

పరీక్ష పెట్టడం

విద్యార్థులు అధ్యాపకుడు చెప్పినది కాక, పరీక్షలో వచ్చేది చదువుతారు. వైద్య విద్యావేత్త మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్‌లో తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తాడు అని నాలుగు అంతస్తులు ఉన్నాయి; రాత పరీక్ష కింది రెండింటినే తాకుతుంది. మూడో అంతస్తు కోసం మరో వైద్య విద్యావేత్త హార్డెన్, ఆయన బృందం 1975లో ప్రవేశపెట్టిన ఓస్కీ పరీక్ష ఉంది. దీనిలో విద్యార్థులు వరుసగా ఏర్పాటు చేసిన స్టేషన్ల గుండా వెళ్తారు, ప్రతి చోటా ఒక పని, నిర్ణీత సమయం, ముందే రాసిపెట్టిన మార్కుల పట్టిక ఉంటాయి. నాలుగో అంతస్తును కొలవడానికి వార్డులో విద్యార్థి నిజమైన రోగిని పరీక్షిస్తుండగా ఒక పావుగంట పక్కన నిలబడి, వెంటనే మాట్లాడటమే మార్గం. బాగుంది, ఇంకా చదవాలి అనడం అభిప్రాయం చెప్పడం కాదు. దగ్గమని చెప్పేటప్పుడు నీ వేలు డీప్ రింగ్ (గజ్జ కాలువ లోపలి ద్వారం) మీద లేదు అనడం అభిప్రాయం చెప్పడం.

స్టేషన్లలో నేను ఎన్నడూ తీసివేయనిది ఫోన్ స్టేషన్. విద్యార్థికి ఒక కేస్ షీట్ ఇచ్చి, రాత్రి 2 గంటలకు సీనియర్‌కు ఫోన్ చేయమంటారు. అవతల అధ్యాపకుడే నిద్రమత్తు గొంతుతో మాట్లాడతాడు. షీట్‌లో పేగు ఆపరేషన్ జరిగిన ఐదో రోజు రోగి ఉంటాడు: నాడి 120, జ్వరం, మూత్రం గంటకు కిలోకు 0.5 మిల్లీలీటర్ల కంటే తక్కువ, పొట్ట బిగువు. విద్యార్థి మొదటి రెండు వాక్యాల్లోనే తాను ఎవరు, రోగి ఎవరు, కుట్టిన చోట పేగు లీకవుతోందని అనుమానిస్తున్నానన్న మాట చెప్పాలి. ఆ తర్వాత ఏ సెలైన్, ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టాడో చెప్పి, చివరకు మీరు ఇప్పుడే రావాలి అని నేరుగా అడగాలి. అవతలి నుంచి ఉదయం చూద్దాంలే అన్న జవాబు వచ్చినప్పుడు విద్యార్థి సరేనండి అని ఫోన్ పెట్టేస్తే సున్నా మార్కులు వేయాలి, మర్యాదగానే అయినా మళ్లీ గట్టిగా అడిగినవారికి మిగిలిన తప్పులు ఎన్ని ఉన్నా ఉత్తీర్ణత ఇవ్వాలి.