వాక్యాన్ని చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: తోడిదాసులలో ఎవరు ఎవరికి లెక్క అప్పగించాలి?

ఒక వాక్యభాగంలో, అంటే బైబిలులోని ఒక భాగంలో, కనిపించే మనుషులను గుర్తించి, ఎవరి మాట ఏదో విడదీసి చూడడం క్రిందటి పాఠంలో అభ్యసించాము. ఈ పాఠంలో నేర్చుకోవలసినది దాని తరువాతి మెట్టు. ఆ మనుషులలో ఎవరు ఎవరికి లెక్క అప్పగించాలి, ఎవరు ఎవరి పక్కన నిలిచి ఉన్నారు అనే ప్రశ్నను చేతపట్టుకొని వాక్యాన్ని చదవడం నేర్చుకుంటాము. ఇందుకు విశ్వాసులను దేవుని సేవకులుగా, ఒకరికొకరు తోడిదాసులుగా చూపించే భాగాలను ఎంచుకున్నాను. సంఘాలలో మనుషులు ఒకరినొకరు గాయపరచుకునే సందర్భాలలో చాలావాటికి మూలం ఈ ప్రశ్నకు తప్పు జవాబు ఇచ్చుకోవడమేనని నేను నమ్ముతున్నాను.

ముందుగా ఒక నోటుపుస్తకంలో ఖాళీ పేజీ తీసుకోండి. పేజీ పైభాగంలో యజమానుని పేరు, దాని కింద ఒకే వరుసలో సేవకుల పేర్లు రాయండి. ఒక వ్యక్తి మరొకరికి లెక్క చెప్పవలసి ఉంటే వారిద్దరి మధ్య నిలువు గీత, ఇద్దరూ ఒకే యజమానుని కింద ఉంటే అడ్డగీత గీయండి. భాగం చదువుతున్నంతసేపూ ఈ గీతలను సరిచూసుకుంటూ ఉండాలి, ఎందుకంటే కథలోని మనుషులు తాము నిజంగా ఉన్న చోటును మరచి, లేని చోటులో నిలబడడానికి ప్రయత్నించడం వాక్యంలో తరచుగా కనిపిస్తుంది.

ఇప్పుడు మత్తయి 18:21–35 తెరిచి రెండుసార్లు చదవండి. తన సహోదరుని ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగినప్పుడు యేసు చెప్పిన ఉపమానమిది. రాజు తన దాసులతో లెక్క చూచుకుంటాడు. పదివేల తలాంతులు అచ్చియున్న దాసుడు సాగిలపడి ఓర్చుకొమ్మని వేడుకొనగా, రాజు కనికరపడి ఆ అప్పంతా కొట్టివేస్తాడు. ఆ దాసుడే బయటికి వెళ్లి, తనకు నూరు దేనారములు అచ్చియున్న తోడిదాసుని గొంతు పట్టుకుంటాడు. 26వ వచనంలో తాను రాజు ముందు పలికిన వేడుకోలే 29వ వచనంలో దాదాపు అవే మాటలతో తన చెవిని పడినా అతడు కరగడు. ఈ రెండు వచనాల కింద గీత గీసి పెట్టుకోండి.

అంకెల దగ్గర కొంచెం ఆగాలి. దేనారము కూలివాని ఒక రోజు కూలి అని మత్తయి 20:2 వలన తెలుస్తుంది. తలాంతు సుమారు 6,000 దేనారములు కాబట్టి పదివేల తలాంతులంటే దాదాపు 6 కోట్ల రోజుల కూలి, అంటే ఏ దాసుడూ తన జీవితకాలంలో తీర్చలేని అప్పు. దీని పక్కన నూరు దేనారములు ఏమీ కాదని బోధకులు తరచుగా చెబుతారు. నేను అలా చెప్పలేను. నూరు దేనారములు మూడు నెలలకు పైగా కూలి, ఇల్లు గడవడానికి అవసరమైన సొమ్ము. మన తోటి విశ్వాసి మనకు చేసిన అన్యాయం చిన్నదని గానీ, దానివల్ల కలిగిన నష్టం లేనిదని గానీ ఈ ఉపమానం చెప్పడం లేదు. ఆ నష్టం నిజమైనదే అయినా, దాన్ని రాబట్టే వంకతో తోడివాని గొంతు మీద చెయ్యి వేసే అధికారం మనకు లేదని చెబుతున్నది.

ఇక మీ పేజీ చూడండి. రాజు అప్పు కొట్టివేసిన తరువాత కూడా ఆ మనిషి రాజు దాసుడుగానే బయటికి వెళ్లాడు. అతనికి ఎదురైనవాడు కూడా ఆ రాజు దాసుడే. వారిద్దరి మధ్య ఉండవలసినది అడ్డగీత. గొంతు పట్టుకొని, చెరసాలలో వేయించినప్పుడు అతడు ఆ అడ్డగీతను చెరిపి, తాను పైనా తోడిదాసుడు కిందా ఉండేలా నిలువు గీత గీసుకున్నాడు. 33వ వచనంలో రాజు అడిగే ప్రశ్న సరిగ్గా ఈ చోటును తాకుతుంది. నేను నిన్ను కరుణించినట్టు నీవు నీ తోడిదాసుని కరుణించవలదా అని అడగడంలో, నీ చోటు ఎక్కడో మరచిపోయావా అనే నిలదీత కూడా ఉంది. మన గుర్తింపు, మన బాధ్యత అక్కడే ఒకటవుతాయి. కనికరం పొందిన దాసుడను అని ఎరిగినవాడు తోడిదాసునికి యజమానుడు కాలేడు.

31వ వచనాన్ని చాలామంది దాటిపోతారు, కానీ బాధ్యతను గురించి ఈ భాగంలో నాకు అతి విలువైనదిగా తోచే వచనం అదే. జరిగినది చూచిన మిగిలిన దాసులు ముఖం తిప్పుకోలేదు, గొంతు పట్టినవాని మీద పడి తామే శిక్షించనూ లేదు. వారు మిక్కిలి దుఃఖపడి, వెళ్లి యజమానునికి అంతా తెలిపారు. రోమా 14:4లో పౌలు "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?" అని అడుగుతాడు. ఆ మాటను చూపించి, సంఘంలో బలహీనుని ఎవరైనా నలిపివేస్తున్నప్పుడు కూడా నోరు మూసుకోవాలని చెప్పేవారున్నారు. మత్తయి 18:31తో కలిపి చదివితే ఆ వాదన నిలవదు. తీర్పు యజమానునిదే, దుఃఖించడం మాత్రం తోడిదాసుల పని, తెలియజేయడం కూడా వారి పనే. అదే అధ్యాయం 15వ వచనంలో తప్పు చేసిన సహోదరుని దగ్గరకు మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న ఆజ్ఞ ఉందని కూడా మీ పేజీ అంచున రాసుకోండి.

రెండవ భాగం మత్తయి 24:45–51. ఇక్కడ గీతలు కొంత చిక్కుబడతాయి, కాబట్టి నెమ్మదిగా చదవాలి. యజమానుడు ఒక దాసుని తన ఇంటివారిపైన ఉంచుతాడు. అలాగైతే ఆ దాసునికీ మిగిలినవారికీ మధ్య నిలువు గీత గీయాలా అని సందేహం వస్తుంది. 45వ వచనం ఆ నియామకానికి కారణం చెబుతుంది: తగినవేళ వారికి ఆహారం పెట్టడానికి. 49వ వచనంలో, యజమానుడు ఆలస్యం చేస్తున్నాడని అనుకొని ఆ దాసుడు కొట్టడం మొదలుపెట్టినవారిని వాక్యం ఇంకా తోడిదాసులనే పిలుస్తుంది. నియామకం అతనికి పని ఇచ్చింది, వారి మీద యాజమాన్యం ఇవ్వలేదు. హెబ్రీ 13:17 నాయకులకు లోబడమని చెబుతూనే, వారు లెక్క ఒప్పచెప్పవలసినవారని గుర్తు చేస్తుంది. కాపరిని, సంఘపెద్దను గౌరవించడం న్యాయమే. అయితే వారి నుండి పైకి వెళ్లే నిలువు గీతను చెరిపివేసేంతగా వారిని పెంచడం వారికే కీడు. ప్రకటన 19:10లో తన పాదాల మీద పడిన యోహానును దేవదూత వారించి, నేను నీ తోడిదాసుడనని చెబుతాడు. దేవదూతే ఆ నమస్కారాన్ని అంగీకరించనప్పుడు, ప్రార్థన చేయించుకున్న ప్రతివారూ బోధకుని కాళ్ల మీద పడాలని ఎదురుచూడడం సరియేనా అని మనం నిజాయితీగా ఆలోచించాలి.

అడ్డగీత చెరిగిపోతే సువార్త పనికి ఏమవుతుందో మన ప్రాంతంతో ముడిపడిన ఒక సంగతి తెలుపుతుంది. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, తెలుగు ప్రజల మధ్య సేవ చేయడానికి 1909లో దోర్నకల్ వచ్చిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. విదేశీ మిషనరీకీ భారతీయ పనివానికీ మధ్య సంబంధం తరచుగా యజమానికీ సేవకునికీ మధ్య ఉండేదానిలా ఉందని ఆయన ఆ సభలోనే చెప్పారు. మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. 1912 డిసెంబరు 29న ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఒకే ప్రభువుకు పనిచేస్తున్న ఇద్దరిలో జీతమిచ్చే చెయ్యి ఒకరిది కావడం వల్ల అడ్డగీత నిలువు గీతగా మారిన తీరును ఆయన ఆ సభ ముందు పెట్టారు. ఈనాడు మన సంఘాలలో విరాళమిచ్చేవారికీ పల్లెలలో పనిచేసే సువార్తికులకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఇదే కొలతతో చూచుకోవాలి.

దాసుడు అనే మాట మన తెలుగు సంఘాలలో తేలికగా పలకవలసినది కాదు. మాల, మాదిగ కుటుంబాల నుండి ప్రభువును నమ్ముకున్న మన పూర్వికులలో ఎందరో వెట్టిచాకిరి అంటే ఏమిటో ఒంటితో ఎరిగినవారు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక వినినవారిలోనూ నిజమైన బానిసలు ఉన్నారు. 4:1లో పౌలు యజమానులకు కూడా పరలోకంలో ఒక యజమానుడున్నాడని చెప్పి, న్యాయమైనది చేయమని ఆజ్ఞాపించినప్పుడు, ఆ ఇళ్లలోని యజమానులు కూడా లెక్క అప్పగించవలసినవారి వరుసలోకి దిగవలసి వచ్చింది. దేవుని దాసుడననే గుర్తింపు మనుషులకు దాసుడుగా ఉండడాన్ని పవిత్రం చేయదు, మనుషుల యాజమాన్యానికి హద్దు పెడుతుంది. ఈ మాటను ఎవరిమీదనైనా అణకువ రుద్దడానికి వాడుకునేవారు పత్రికను సగమే చదివినట్టు.

ఈ పాఠానికి అభ్యాసం కొలొస్సయులకు 4:7–17. ఎపఫ్రాను 1:7లోనూ తుకికును 4:7లోనూ పౌలు తన తోడిదాసులని పిలుస్తాడు. కొత్త పేజీ తీసి, క్రీస్తు పేరు పైన రాసి, ఈ వచనాలలో వచ్చే ప్రతి పేరునూ కింద వరుసలో పెట్టండి. ప్రతి పేరు పక్కన ఆ మనిషి చేస్తున్న పని ఏదో ఒక్క వాక్యంలో రాయండి. 9వ వచనంలోని ఒనేసిము ఫిలేమోను ఇంటి బానిస. అతన్ని తుకికుతో కలిపి పంపుతూ పౌలు ఎలా పరిచయం చేశాడో గమనించండి. ఎపఫ్రా కొలొస్సయి వారి దగ్గర లేకపోయినా 12వ వచనంలో వారి కొరకు చేస్తున్న పని ఏమిటో చూడండి. అన్నిటికన్నా 17వ వచనంలో ఎక్కువ సమయం గడపండి. అర్ఖిప్పు తన పరిచర్యను జాగ్రత్తగా నెరవేర్చాలని అతనికి చెప్పే బాధ్యతను పౌలు సంఘమంతటికీ అప్పగించాడు. ఆ బాధ్యతను మీ పేజీలో ఏ గీతతో చూపిస్తారు, ఎందుకు అలా చూపిస్తారు అన్నది మూడు నాలుగు వాక్యాలలో రాసి ఉంచుకోండి. 5వ పాఠంలో ఫిలేమోనుకు వ్రాసిన పత్రికను ఇదే పద్ధతిలో చదివేటప్పుడు ఆ వాక్యాలు అవసరమవుతాయి.