కేసు దించాక పది నిమిషాలు

108 బండిలో ఈఎంటీగా, అంటే దారిలో పేషెంట్‌కి అత్యవసర చికిత్స చేసేవాడిగా, నాకిది పదకొండో ఏడు. ఎక్కువ కాలం హైదరాబాద్–విజయవాడ హైవే మీదే తిరిగాను. కొత్తగా చేరినవాళ్లు "యాక్సిడెంట్లు చూసి ఎలా తట్టుకుంటావన్నా?" అని అడుగుతుంటారు. నన్ను దెబ్బతీసింది యాక్సిడెంటు కాదు, ఒక కాన్పు. నకిరేకల్ దాటాక బండిలోనే పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. వాళ్ల వెంట వచ్చిన ముసలామె నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే నేను టైం చూసుకుంటున్నాను. లోపల ఏమీ కదల్లేదు. అప్పటికి నెల నుంచీ జ్వరం కేసు వస్తే చాలు, "దీనికి ఆటో సరిపోదా" అని విసుక్కుంటున్నాను.

దీన్ని బర్నౌట్ అంటారు, పని ఒత్తిడి తీరక మనిషి లోపల ఉడిగిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దానికి చెప్పిన గుర్తులు మూడు: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, నా వల్ల ఏం ఒరిగిందిలే అనిపించడం. విసుగు మొదలైనప్పుడే పట్టుకోండి.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది పైలట్‌తో (మా బండి డ్రైవర్‌ని అలాగే అంటాం) మాట. పేషెంట్‌ని క్యాజువాలిటీలో అప్పగించి, సంతకం తీసుకుని, స్ట్రెచర్ తుడుస్తూ ఇద్దరం రెండే ప్రశ్నలు అడుక్కుంటాం. ఏది బాగా చేశాం? ఏది కళ్లముందు నుంచి పోవట్లేదు? పది నిమిషాలు చాలు. అవతలివాడు చెప్పనంటే వదిలేయండి, బలవంతంగా కక్కిస్తే మేలు జరగదు. చిన్నపిల్లల కేసయితే మాట్లాడకపోయినా పర్లేదు, పక్కన కూర్చుని ఇద్దరూ ఏదో ఒకటి తినండి. ఆకలి మీద అన్నీ రెట్టింపు భారంగా ఉంటాయి.

నైట్ డ్యూటీలో మూడు దాటాక టీ మానేశాను. పొద్దున కళ్లు మూతలు పడుతుంటే బైక్ తీయొద్దు, బండి ఆగే బేస్‌లోనే ఇరవై నిమిషాలు కునుకు తీసి బయలుదేరండి. ఇంట్లో కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. యాక్సిడెంట్ వీడియోలు తిరిగే వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికొచ్చేయండి. డ్యూటీలో చూసింది చాలదూ! ఇంట్లోవాళ్లకి కేసంతా చెప్పక్కర్లేదు, "ఇవాళ బాగోలేదు" అంటే మా ఆవిడకి అర్థమైపోతుంది.

కానీ మనుషులు చాలక వరసగా డబుల్ డ్యూటీలు పడుతుంటే ప్రాణాయామం ఏం చేస్తుంది? ఏ తేదీన ఎన్ని గంటలు చేశారో రాసిపెట్టుకోండి. నలుగురు కలిసి సంతకాలు పెట్టి పైవాళ్లకి కాగితం ఇవ్వండి. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, మందు తాగితే గానీ కన్ను మూతపడకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఆగొద్దు. మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి చేయండి. డబ్బులు అడగరు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నేను నంబరు నొక్కి రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి అవతల అమ్మాయి "చెప్పండి, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" అంది. రోజూ మేం అడిగే ప్రశ్నే. జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.