ఇసుక దాటాక టైర్లకు గాలి: పంపు మొరాయిస్తే కారణమేమిటి, ఏది కొనాలి

శ్రీకాళహస్తి వైపు స్వర్ణముఖి ఇసుకలోకి గాని, తలకోన పరిసరాల్లోని రాళ్ల బాటల్లోకి గాని జీపు దించే ముందు పట్టు కోసం టైర్లలో గాలిని 32 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని గాలి ఒత్తిడిని చెప్పే కొలత) నుంచి 18 దాకా తగ్గించుకోవడం చాలామందికి అలవాటే. అటవీ హద్దుల్లోకైతే అనుమతి లేకుండా బండి తీసుకుపోరాదు. గాలి దించడం కొద్ది నిమిషాల పని, చిక్కంతా తిరిగి నింపుకోవడంలోనే ఉంది. అంత మెత్తని టైర్లతో భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి వేగంగా వస్తే టైరు పక్కగోడలు అదేపనిగా మడతపడుతూ లోలోపల వేడెక్కి దెబ్బతింటాయి, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారిపోయే ప్రమాదమూ ఉంటుంది. కాబట్టి గాలి కొట్టే సాధనం బండిలోనే ఉండాలి.

సమస్య: డబ్బా మీద 150 పీఎస్‌ఐ అని ఉన్నా టైరు ఎంతకీ నిండడం లేదు

కొనేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పీఎస్‌ఐ అంకె పంపు ఎంత ఒత్తిడి దాకా నెట్టగలదో చెబుతుందే తప్ప, నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో చెప్పదు. మన టైర్లకు 40 పీఎస్‌ఐ దాటే అవసరమే రాదు కనుక 150 అయినా 300 అయినా మనకు ఒరిగేదేమీ లేదు.

చూడవలసింది లీటర్ల లెక్క. 265/65 ఆర్17 కొలత టైరు లోపల సుమారు 65 లీటర్ల చోటు ఉంటుంది. బయటి వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ కాబట్టి 18 నుంచి 32కు తేవాలంటే ఒక్కో టైరుకు దాదాపు 62 లీటర్లు, నాలుగింటికీ కలిపి 250 లీటర్ల బయటి గాలి కావాలి. నిమిషానికి 12 లీటర్లు ఇచ్చే చిన్న పంపుకు ఇది ఇరవై నిమిషాలకు పైబడిన పని. డబ్బా మీద రాసే లీటర్లు సాధారణంగా ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటివి, టైరు బిగుస్తున్నకొద్దీ అవి తగ్గుతాయి. అందువల్ల 30 పీఎస్‌ఐ దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఆ అంకె చెప్పలేని సరుకును నేనైతే కొనను.

సమస్య: మూడో టైరు దగ్గర పంపు ఆగిపోయి, కాసేపటికి మళ్లీ తిరుగుతోంది

ఇది చెడిపోవడం కాదు. మోటారు వేడెక్కినప్పుడు లోపలి రక్షణ స్విచ్ కరెంటును తెంచేస్తుంది, చల్లారాక కలుపుతుంది. చిన్న పంపులు చాలావరకు ఏకబిగిన పది, పదిహేను నిమిషాల పనికే తయారవుతాయి, పైన చెప్పిన ఇరవై నిమిషాల పని వాటి శక్తికి మించినది. మే నెలలో తిరుపతి ఎండలో, కాలిన ఇసుక మీద పెట్టి నడిపితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. పంపును బండి నీడలో చాప మీద గాని, చెక్కపలక మీద గాని పెట్టాలి. ఇసుక లోపలికి పోతే పిస్టన్ రింగులు అరిగిపోతాయి కనుక గాలి పీల్చుకునే చోట ఫిల్టర్ ఉన్నదే ఎంచుకోవాలి. రెండు టైర్లు నిండగానే, తనంతట తాను ఆగేదాకా చూడకుండా విశ్రాంతి ఇవ్వాలి. కొత్తది కొనేవారు ఎంతసేపు నడిపి ఎంతసేపు ఆపాలో కంపెనీ రాసిన వివరాన్ని ధర కంటే ముందు చదవాలి.

సమస్య: సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టగానే ఫ్యూజు పోతోంది

ఆ సాకెట్‌కు సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, ఒక మోస్తరు పెద్ద పంపు అంతకు రెట్టింపు లాగుతుంది. పెద్ద ఫ్యూజు వేసి సర్దుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. అప్పుడు ఫ్యూజుకు బదులు డ్యాష్‌బోర్డు లోపలి వైరు కాలుతుంది. నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించే పంపు తీసుకుని, ఇంజిన్ నడుస్తుండగానే వాడాలి. అప్పుడు వోల్టేజి 14 దగ్గర నిలుస్తుంది, పంపు వేగంగా తిరుగుతుంది, బ్యాటరీ కూడా దిగిపోదు. రెండు సిలిండర్ల పంపుల్లో కొన్ని 40 ఆంపియర్లకు పైగా లాగుతాయి కాబట్టి వాటి వైరు మందంగా ఉండి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.

సమస్య: పంపు బాగానే తిరుగుతోంది, మీటరు ముల్లు మాత్రం కదలడం లేదు

ముందు వాల్వు చూడండి. మూతలో నాలుగు చుక్కల సబ్బు నీళ్లు తీసుకుని వాల్వు మూతి మీద పోసి, మధ్యలోని పిన్ను పక్క నుంచి సన్నని బుడగలు వరుసగా లేస్తున్నాయేమో చూడండి. అలా లేస్తే పిన్ను వదులైందని అర్థం. బిగించినా ఆగకపోతే మార్చాలి, పంక్చర్ షాపుల్లో అది అతి తక్కువ ధరకు దొరుకుతుంది. బుడగలు లేకపోతే లోపం గొట్టం కొసన ఉంటుంది. నొక్కి పట్టుకునే రకం కంటే మర తిప్పి బిగించే రకం గాలిని తక్కువగా వదులుతుంది. పంపు నడుస్తున్నప్పుడు దాని మీటరు అసలు కంటే ఎక్కువే చూపుతుంది కనుక ఆపి, విడిగా ఉన్న గేజ్‌తో కొలవాలి.

సమస్య: పంపుకు బదులు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడితే రెగ్యులేటర్ (ఒత్తిడిని తగ్గించి వదిలే సాధనం) మీద మంచు పేరుకుంటోంది

సిలిండర్‌లో ద్రవంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది కాబట్టి సిలిండర్, రెగ్యులేటర్ రెండూ చల్లబడతాయి. ఒక టైరుకూ మరో టైరుకూ నడుమ కొంత వ్యవధి ఇస్తే చాలు. పడుకోబెట్టి వాడితే ద్రవమే నేరుగా గొట్టంలోకి వస్తుంది, నిలబెట్టే వాడాలి. కిలో ద్రవం నుంచి దాదాపు 550 లీటర్ల వాయువు వస్తుంది, అంటే మన లెక్క ప్రకారం నాలుగు టైర్లను రెండుసార్లు నింపవచ్చు. వేగంలో దీనికి సాటి లేదు.

అయినా మన వేసవికి నేను దీన్ని సిఫారసు చేయలేను. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలవదు, ఆపైన సిలిండర్ లోపలి ఒత్తిడి చాలా వేగంగా పెరుగుతుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండిలో ఆ వేడి 50 కూడా దాటుతుంది. ఒత్తిడి మితిమీరితే పగిలేలా సిలిండర్‌కు అమర్చిన భద్రతా బిళ్ల పగిలి వాయువు వెలువడితే మూసి ఉన్న బండిలో ఊపిరాడదు. వాడి తీరవలసినవారు పరీక్ష గడువు దాటని సిలిండర్‌ను గట్టిగా కట్టి, నీడలో ఉంచాలి. ఆక్సిజన్ సిలిండర్‌తో మాత్రం టైరుకు ఎన్నడూ గాలి కొట్టకూడదు.

సమస్య: సాయంత్రం సరిగ్గా నింపినా తెల్లవారేసరికి తగ్గింది

సబ్బు నీళ్లతో చూసినా బుడగలు లేవకపోతే కారణం చాలావరకు వేడే. ఉష్ణోగ్రతలో 5, 6 డిగ్రీల తేడాకు దాదాపు ఒక పీఎస్‌ఐ మారుతుంది. బాట దిగి వచ్చిన వేడి టైరులో 32 చూపితే చల్లారాక అది 28, 29కి దిగవచ్చు. ఇంటికి చేరడానికి అప్పటికది సరిపోతుంది. మర్నాడు పొద్దున్నే, బండి కదిలించక ముందు, డ్రైవర్ తలుపు అంచున అంటించిన పట్టీలోని అంకెకు సరిచేయండి. ఈ చివరి రెండు మూడు పీఎస్‌ఐలకు ఛార్జింగ్‌తో నడిచే చేతి పంపైనా, కాలితో తొక్కే పంపైనా చాలు.