ఓవర్‌క్లాకింగ్ కోసం లాప్‌టాప్ విప్పుతున్నారా? ముందు బ్యాటరీ కనెక్టర్ పీకండి

పోయిన వారం ఒక తమ్ముడు లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని వచ్చాడు. ప్రాసెసర్ స్పీడ్ పెంచుకుందామని బయోస్ (మెషిన్ ఆన్ అవ్వగానే ముందు నడిచే ప్రోగ్రామ్) మార్చబోయాడు. అది ఉండే చిప్‌కి క్లిప్ తగిలిస్తుంటే ట్వీజర్స్ జారి బోర్డు మీద పడ్డాయి. టప్‌మని చిన్న శబ్దం, అంతే. లెన్సు పెట్టి చూస్తే ప్రాసెసర్‌కి కరెంటు అందించే మాస్‌ఫెట్ (స్విచ్ లాంటి చిన్న భాగం) ఒకటి మూల కాలిపోయి, ఆవగింజంత గుంట పడింది. "అన్నా, షట్‌డౌన్ చేశాకే విప్పాను, ఛార్జర్ కూడా తీసేశాను" అంటాడు. నిజమే, ఆ రెండూ చేశాడు. బ్యాటరీ కనెక్టర్ మాత్రం బోర్డుకే ఉంది.

నేను చూసిన బోర్డుల్లో ఎక్కువ ఇలాగే పోయాయి. ఓవర్‌క్లాకింగ్ వల్ల కాదు, ఓవర్‌క్లాకింగ్ మొదలవకముందే.

షట్‌డౌన్ చేస్తే ఆగేది విండోస్ మాత్రమే. బోర్డు మీద కరెంటు అలాగే ఉంటుంది. మూడు సెల్స్ బ్యాటరీ నిండా ఉంటే 12.6 వోల్టులు ఇస్తుంది. ఆ వోల్టేజీ ప్రాసెసర్ పక్కనున్న మాస్‌ఫెట్‌ల దాకా వచ్చి కాచుకొని ఉంటుంది. నమ్మకం లేకపోతే మల్టీమీటర్ నల్ల ప్రోబ్ స్క్రూ రంధ్రం మీద, ఎర్రది బ్యాటరీ వైపున్న పెద్ద కెపాసిటర్ మీద జాగ్రత్తగా ఆనించి చూడండి. ఆ మాస్‌ఫెట్‌కి ఒక పక్క 12 వోల్టులు, ఇంకో పక్క సుమారు 1 వోల్టుతో నడిచే ప్రాసెసర్ లైను. రెండింటి మధ్య దూరం ఒకట్రెండు మిల్లీమీటర్లు. ట్వీజర్స్ మొన అక్కడ తగిలిందంటే ఆ 12 నేరుగా ప్రాసెసర్‌లోకి పోతుంది. 2015 నుంచి వచ్చిన ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ బోర్డుకి సోల్డర్ చేసినవే. ప్రాసెసర్ పోయిందంటే బోర్డు పోయినట్టే.

కాబట్టి వెనక మూత తియ్యగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టి లాగకండి, కనెక్టర్ అంచులు పట్టుకొని జరపండి. తర్వాత పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి, కెపాసిటర్లలో మిగిలింది దిగిపోతుంది. కొన్ని మోడళ్లలో బయోస్‌లోనే లోపలి బ్యాటరీని ఆపే ఆప్షన్ ఉంటుంది. అది వాడినా సరే, కనెక్టర్ పీకాల్సిందే.

పాత లాప్‌టాప్‌లలో పిన్ మోడ్

కోర్ 2 డుయో కాలం మెషిన్లతో ఇప్పటికీ చాలామంది పిన్ మోడ్ (పిన్నులని తీగతో కలిపి స్పీడ్ పెంచే మార్పు) ప్రయోగాలు చేస్తున్నారు. ఉదాహరణకి టీ8100 ప్రాసెసర్‌ని తీసుకోండి. బస్ (బోర్డు ఇచ్చే మూల క్లాక్) 200 మెగాహెర్ట్జ్, దాన్ని హెచ్చించే గుణకం 10.5, మొత్తం 2.1 గిగాహెర్ట్జ్. సాకెట్‌లో బస్ వేగం ఎంతో బోర్డుకి చెప్పే బీఎస్‌ఈఎల్1 పిన్‌ని సన్నని రాగి తీగతో గ్రౌండ్‌కి కలిపితే బోర్డు 266 అనుకుంటుంది, ప్రాసెసర్ 2.8కి వెళ్తుంది. చిప్‌సెట్ 266ని తట్టుకోలేకపోతే స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. ర్యామ్ వేగం కూడా దాంతోపాటే పెరుగుతుంది, అందుకే చాలాసార్లు ముందు మొరాయించేది ర్యామే.

తీగ పెట్టేటప్పుడు సాకెట్ బొమ్మ తిరగేసి చదివినవాళ్లని చూశాను. ప్రాసెసర్‌ని పిన్నుల వైపు నుంచి చూసిన బొమ్మ, సాకెట్‌ని పైనుంచి చూసిన బొమ్మ ఒకటి కాదు, అద్దంలో చూసినట్టు తారుమారవుతాయి. పక్క రంధ్రంలో తీగ పడితే ఏ లైను గ్రౌండ్ అవుతుందో మీ చేతుల్లో ఉండదు.

2011లో వచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఈ దారి మూసుకుపోయింది. 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌తోనే పీసీఐ, సాటా (కార్డులు, డిస్కుల లైన్లు) కూడా ముడిపడ్డాయి, దాన్ని పెంచితే అవీ తడబడతాయి. అక్కడి నుంచి అందరూ బయోస్ మీద పడ్డారు.

బయోస్ చిప్ జోలికి వెళ్తే

మళ్లీ అదే మాట: బ్యాటరీ కనెక్టర్ పీకాకే క్లిప్ పెట్టాలి. ఇక్కడ దానికి ఇంకో కారణం కూడా ఉంది. బోర్డు నుంచి ఒక కరెంటు, ప్రోగ్రామర్ (చిప్‌ని చదివి రాసే చిన్న పరికరం) నుంచి ఒక కరెంటు వచ్చి చిప్ దగ్గర కొట్టుకుంటే మీరు చదివిన ఫైలే తప్పుగా రావచ్చు. ఆ తప్పు ఫైల్‌ని బ్యాకప్ అనుకొని దాచుకుంటారు.

చిప్ మీద నంబరు చదవండి. 1.8 వోల్టుల చిప్‌కి 3.3 ఇవ్వకూడదు, దానికి అడాప్టర్ వేరే ఉంటుంది. ఎక్కువమంది వాడే నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి. సవరించని దాన్ని వాడకండి. చిప్‌ని రెండు మూడుసార్లు చదివి ఫైళ్లు అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. తేడా వస్తే క్లిప్ సరిచేసి మళ్లీ చదవండి. సరిపోలేదాకా రాయడం మొదలుపెట్టొద్దు. ఇంకొకరి ఫైల్ తెచ్చి రాయకండి, అందులో వాళ్ల మెషిన్ సీరియల్ నంబరు, విండోస్ కీ ఉంటాయి, మీవి చెరిగిపోతాయి.

పవర్ లిమిట్ తప్పించుకోవడానికి షంట్ రెసిస్టర్ల (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్లు) మీద ఇంకోటి ఎక్కించేవాళ్లకి ఒక్కమాట. అడాప్టర్ కరెంటు కొలిచే రెసిస్టర్ వేరు, బ్యాటరీకి ఎంత ఎక్కుతోందో కొలిచే రెసిస్టర్ వేరు. రెండోదాని మీద అదే విలువది ఇంకోటి ఎక్కిస్తే ఛార్జింగ్ చిప్‌కి కరెంటు సగమే కనిపిస్తుంది, అది రెట్టింపు పంపిస్తుంది. లిథియం బ్యాటరీతో అది నిప్పుతో సమానం. బోర్డు సర్క్యూట్ బొమ్మ చేతిలో లేకపోతే షంట్ ముట్టుకోవద్దు.

ఇక మిగతావి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న లాప్‌టాప్‌లో ఏ మోడ్ చెయ్యొద్దు, ముందు బ్యాటరీ మార్చండి. లిక్విడ్ మెటల్‌ని (పేస్టు బదులు వాడే ద్రవ లోహం) అల్యూమినియం హీట్‌సింక్‌కి రాయొద్దు, అందులోని గాలియం దాన్ని తినేస్తుంది. థర్మల్ ప్యాడ్‌లు తీస్తే పాతదాని మందమే మళ్లీ వెయ్యండి, మందం ఎక్కువైతే ప్రాసెసర్ మీద హీట్‌సింక్ ఆనదు. ప్రాసెసర్ 85 డిగ్రీలు చూపిస్తోంది కదా అని ధీమా పడకండి, మాస్‌ఫెట్‌ల వేడి చాలా లాప్‌టాప్‌లలో ఏ సాఫ్ట్‌వేర్‌కీ కనపడదు. చిన్న అడాప్టర్‌తో పెద్ద క్లాక్ నడపొద్దు. వోల్టేజీ, క్లాక్ రెండూ ఒకేసారి పెంచొద్దు. స్క్రీన్ కేబుల్ ముట్టుకునే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకండి, అందులో బ్యాక్‌లైట్ వోల్టేజీ ఉంటుంది. సోల్డరింగ్ ముందు పీకండి. ఫ్యాన్ తీసే ముందు పీకండి. "ఒక్క స్క్రూనే కదా" అనిపించినప్పుడు మరీ పీకండి, స్క్రూ జారిపడేది అప్పుడే. మధ్యలో టెస్ట్ చెయ్యడానికి మళ్లీ పెట్టారా? టెస్ట్ అయ్యాక మళ్లీ పీకండి. ఆ తమ్ముడు తప్పింది సరిగ్గా ఇక్కడే. మొదటిసారి పీకాడు, టెస్ట్ కోసం పెట్టాడు, రెండోసారి మర్చిపోయాడు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు వెనక మూత స్క్రూలు బిగించకండి. కాలిన వాసన వస్తే ఛార్జర్ లాగి, మూత ఎత్తి కనెక్టర్ ఊడదీయడానికి రెండు సెకన్లకు మించి పట్టకూడదు.